దశావతారాన్ని తలా తోకా కోసి చూపించకండి: టీవీ చానళ్లకు, ఓటీటీ సంస్థలకు, హక్కుదారులకు బహిరంగ లేఖ

తెలుగు టీవీ చానళ్ల యాజమాన్యాలకు, ఓటీటీ సంస్థల తెలుగు విభాగాల బాధ్యులకు, తమిళ సినిమాల తెలుగు హక్కులు చేతిలో ఉన్న నిర్మాతలకు

నమస్కారం.

నేను ప్రకాశం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పే స్కూల్ అసిస్టెంట్‌ను. మొన్నామధ్య ఒక ఆదివారం ఒక తెలుగు చానల్లో కమల్ హాసన్ తమిళ సినిమా 'దశావతారం' తెలుగు డబ్బింగ్ వేశారు. చోళుల కాలంలో జరిగే మొదటి ఘట్టం మొత్తం ఎత్తేశారు. సినిమా తిన్నగా అమెరికా ల్యాబ్‌లో మొదలైంది. చివర సునామీ తగ్గాక, ఒడ్డుకు కొట్టుకొచ్చిన విగ్రహం దగ్గర కథానాయకుడు గోవింద్, కథానాయిక ఆండాళ్ మాట్లాడుకుంటుంటే ఆ మాట పూర్తికాకుండానే వార్తలు మొదలయ్యాయి. చానల్‌కు మెయిల్ రాశాను, ఉత్తరం కూడా వేశాను. 'మీ అభిప్రాయం మాకు విలువైనది' అని మెషీన్ పంపే జవాబొకటి వచ్చింది, అంతే. తర్వాత ఒక ఓటీటీలో వెతికితే తెలుగు ఆడియో ఉంది, సబ్‌టైటిల్స్ మాత్రం ఇంగ్లీషులోనే ఉన్నాయి. వాళ్ల కస్టమర్ కేర్ 'సంబంధిత విభాగానికి పంపాం' అంది. ఆ విభాగం ఎవరో, ఎక్కడుందో నాకు ఇంతవరకూ తెలియలేదు. ఇది ఏ ఒక్క సంస్థ అలవాటో కాదు కాబట్టి ఎవరి పేరూ రాయడం లేదు. అందరికీ కలిపే ఈ లేఖ రాస్తున్నాను.

పాత సినిమాలో పది నిమిషాలు పోతే ఇంత రాద్ధాంతమా అని మీకు అనిపించవచ్చు. ఈ సినిమా విషయంలో ఆ పది నిమిషాలు ఎందుకంత ముఖ్యమో ముందు చెబుతాను.

'దశావతారం' 2008 జూన్ 13న విడుదలైంది. కె.ఎస్. రవికుమార్ దర్శకుడు, కథ కమల్ హాసన్‌ది, ఆయనే పది పాత్రలు వేశారు. మేకప్‌కు హాలీవుడ్ నుంచి మైఖేల్ వెస్ట్‌మోర్ వచ్చారు. పది వేషాల గురించే అందరూ మాట్లాడతారు గానీ సినిమా అసలు సాహసం కథ అల్లికలో ఉంది. 12వ శతాబ్దంలో ఒక విగ్రహం సముద్రం పాలవుతుంది. 2004లో గోవింద్ అనే శాస్త్రవేత్త ప్రాణాంతకమైన వైరస్ ఉన్న చిన్న గొట్టం దుర్మార్గుల చేతికి చిక్కకుండా కాపాడటానికి దేశాలు దాటి పరుగెత్తుతాడు. అది తిరిగి తిరిగి ఒక పెరుమాళ్ విగ్రహంలో చేరుతుంది. డిసెంబర్ 26న సునామీ వచ్చి ఆ వైరస్‌ను ఉప్పునీళ్లలో ముంచేస్తుంది. ఎప్పుడో మునిగిన విగ్రహాన్ని ఒడ్డుకు తెస్తుంది. ఎక్కడో జరిగిన చిన్న పని ఇంకెక్కడో, ఇంకెప్పుడో పెద్ద ఫలితంగా తేలుతుందనే ఖేయాస్ సిద్ధాంతాన్ని ఒక పక్క, విష్ణువు పది అవతారాలను ఇంకో పక్క పెట్టుకుని, ఇది యాదృచ్ఛికమా, దైవసంకల్పమా అని సినిమా అడుగుతుంది. జవాబు చెప్పదు. చివర గోవింద్ అనే మాట చాలామందికి గుర్తుండే ఉంటుంది: దేవుడు లేడని తను అనలేదని, ఉంటే బాగుండునని మాత్రమే అంటున్నానని. మీరు కోసింది సరిగ్గా ఆ చోటే.

మొదటి ఘట్టం సంగతి. చిదంబరం ఆలయంలో నటరాజస్వామి సన్నిధితో పాటు గోవిందరాజ పెరుమాళ్ సన్నిధి కూడా ఉంది. రెండో కులోత్తుంగ చోళుడు ఆ పెరుమాళ్ విగ్రహాన్ని పెకలించి సముద్రంలో వేయించాడని వైష్ణవ సంప్రదాయం చెబుతుంది. చరిత్రకారుల్లో దీనిపై భేదాభిప్రాయాలున్నాయి. సినిమా ఆ కథనే తీసుకుంది. రంగరాజ నంబి అనే వైష్ణవ భక్తుడు అడ్డుపడతాడు. పంచాక్షరి పలికితే వదిలేస్తామంటారు. అతడు 'ఓం నమో నారాయణాయ' అనే అంటాడు. వీపులో కొక్కేలు గుచ్చి వేలాడదీసి, విగ్రహానికే కట్టి నడిసముద్రంలో పడేస్తారు.

తెలుగువాళ్లకు ఇది పరాయి ఊరి కథ కూడా కాదు. తిరుపతి రైల్వే స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్న గోవిందరాజస్వామి గుడికి వెళ్లని తెలుగు కుటుంబం అరుదు. చిదంబరం నుంచి తరలివచ్చిన ఉత్సవమూర్తితో రామానుజాచార్యులు అక్కడ స్వామిని ప్రతిష్ఠించారని సంప్రదాయం. తర్వాత 16వ శతాబ్దంలో చిదంబరంలో పెరుమాళ్‌ను తిరిగి ప్రతిష్ఠ చేయించింది విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయలు. తమిళనాడు తర్వాత ఈ ఘట్టంతో ఇంత దగ్గరి సంబంధం ఉన్నది మనకే. మనకు చూపించే ప్రింటులోనే అది లేకపోతే ఎలా?

ఇక సైన్స్. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే వాతావరణ శాస్త్రవేత్త ఒక లెక్కను కంప్యూటర్‌పై మధ్య నుంచి మళ్లీ నడిపించాడు. అసలు సంఖ్య 0.506127. అచ్చులో ఉన్నట్టు 0.506 అని ఇచ్చాడు. ఆ కాస్త తేడాకే కొన్నాళ్ల తర్వాతి వాతావరణం రెండు లెక్కల్లో పూర్తిగా వేరైపోయింది. 1972లో ఆయన ఇచ్చిన ప్రసంగం పేరులోనే బ్రెజిల్‌లో సీతాకోకచిలుక, టెక్సాస్‌లో సుడిగాలి ఉన్నాయి. 'బటర్‌ఫ్లై ఎఫెక్ట్' అనే మాటకు ప్రచారం వచ్చింది అలాగే. లోరెంజ్ 2008 ఏప్రిల్‌లో కన్నుమూశారు, ఈ సినిమా రావడానికి రెండు నెలల ముందు. ఆయన ఆలోచనను కోట్లమంది దక్షిణాది ప్రేక్షకుల దగ్గరికి తీసుకెళ్లిన సినిమా ఇది. ఏ పాఠ్యపుస్తకమూ అంత దూరం తీసుకెళ్లలేదు.

సినిమాలో లోపాలు లేవని నేను అనడం లేదు. కొన్ని వేషాల్లో మేకప్ కింద ముఖం కదలదు. వైరస్‌ను ఉప్పు అంత సులువుగా చంపేయడం కథ కోసం చేసుకున్న వెసులుబాటు. అయినా ఆలోచించమని ప్రేక్షకుణ్ణి నమ్మి, అంత డబ్బు పెట్టి తీసిన మాస్ సినిమాలు మనకు ఎన్ని ఉన్నాయి? అందుకే దాన్ని ముక్కలుగా చూస్తుంటే కష్టంగా ఉంది.

ఈ కోతల వల్ల, ఈ నిర్లక్ష్యం వల్ల మామూలు మనుషులకు ఏం నష్టమో ఇప్పుడు చెబుతాను.

1. పిల్లలు. ఆ ఆదివారం సినిమా చూసిన పదో తరగతి పిల్లవాడొకడు సోమవారం క్లాసులో లేచి, "సార్, ఆ పెద్ద విగ్రహం సముద్రంలోంచి ఎలా వచ్చింది? సునామీని ఆ దేవుడే పంపించాడా?" అని అడిగాడు. వెనక బెంచీ నుంచి ఇంకొకడు, "దేవుడే, వైరస్‌ని చంపడానికి" అన్నాడు. క్లాసులో సగం మంది తలూపారు. వాళ్లను తప్పుపట్టలేను. విగ్రహం సముద్రంలో పడటం వాళ్లు చూడలేదు. గోవింద్ చివరి మాట వినలేదు. మధ్యలో మిగిలిన దాన్ని బట్టి చూస్తే ఆ పిల్లల జవాబే సబబైనది. సినిమా అడిగిన ప్రశ్న మీ కోతలో పోయింది, మహిమ మాత్రం మిగిలింది. ఆ పీరియడ్ అంతా నేను బోర్డు మీద భూమి పైపొరలోని పలకలు (ప్లేట్లు) గీశాను. సుమత్రా దగ్గర ఇండియన్ ప్లేట్ పక్క ప్లేటు కిందికి దూరుతోందని, వందల ఏళ్లుగా పేరుకున్న ఒత్తిడి ఆ ఉదయం ఒక్కసారిగా విడిపోయిందని, దాదాపు 1,300 కిలోమీటర్ల పొడవునా సముద్రగర్భం చీలిందని, అంత శక్తి ముందు ఒక రాతి విగ్రహం బరువు లెక్కలోకే రాదని చెప్పాను. లోరెంజ్ చెప్పింది కూడా సీతాకోకచిలుక సుడిగాలిని 'పుట్టిస్తుంది' అని కాదని, మొదట్లో ఉన్న చిన్న తేడా పెరిగిపోవడం వల్ల ఎక్కువ రోజుల ముందు వాతావరణాన్ని కచ్చితంగా చెప్పలేమనేదే ఆయన మాట అని చెప్పాను. వాళ్లకు అర్థమైంది. కానీ ఆ రోజు టీవీ చూసిన ఇళ్లన్నిటికీ బోర్డు తీసుకుని వెళ్లలేను కదా.

2. తీరంలో బతికేవాళ్లు. 2004 డిసెంబర్ 26న మన దేశంలో పదివేల మందికి పైగా చనిపోయారు. తమిళనాడులోనే దాదాపు 8 వేల మంది, అందులోనూ ఎక్కువమంది నాగపట్నం జిల్లావాళ్లు. ఆంధ్ర తీరంలో నూరుమందికి పైగా పోయారు. ఉదయం ఆరున్నరకు సుమత్రా దగ్గర భూమి కంపిస్తే అలలు మన ఒడ్డును తాకడానికి గంటల వ్యవధి ఉంది. చెప్పేవాళ్లు లేకపోయారు. ఆ తర్వాతే 2007 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం మొదలైంది. హిందూ మహాసముద్రంలో ఎక్కడ పెద్ద భూకంపం వచ్చినా నిమిషాల్లో హెచ్చరిక పంపే వ్యవస్థ మన తెలుగు నేల మీదే ఉంది. అయితే ఆ హెచ్చరిక పనిచేయాలంటే దాన్ని విని మెరక మీదికి వెళ్లే మనుషులు కావాలి. మా పల్లెల్లో పెద్దవాళ్లు గంగమ్మ తల్లికి మొక్కి వేటకు వెళతారు. ఆ భక్తి మీద నాకు గౌరవం ఉంది. కానీ సునామీ దేవుడు పంపితే వచ్చేది అని పిల్లల మనసులో పడితే, సముద్రం వెనక్కి వెళ్లిన రోజున పరుగెత్తాల్సినవాడు నిలబడి చూస్తాడు, లేదా దండం పెట్టుకుంటాడు. ఇది నాకు నిజంగా టెన్షన్ పెట్టే విషయం. ఈ లేఖ రాయడానికి అసలు కారణం కూడా ఇదే.

3. భక్తులు. ఈ సినిమాలో భక్తిని చిన్నబుచ్చలేదు. రంగరాజ నంబి పాత్రను చూస్తే అది తెలుస్తుంది. విడుదలకు ముందు ఒక వైష్ణవ సంస్థ అభ్యంతరంతో కోర్టు మెట్లెక్కినా సినిమా ఆగలేదు. మొదటి ఘట్టం తీసేస్తే భక్తికోసం ప్రాణమిచ్చిన మనిషి పోతాడు. మిగిలేది పెరుమాళ్ విగ్రహం చుట్టూ ఛేజింగ్. అప్పుడు భక్తులకు కోపం రావడంలో ఆశ్చర్యం లేదు.

4. చెవులు సరిగా వినిపించనివాళ్లు. మా ఇంట్లోనే పెద్దావిడ ఉన్నారు. టీవీ సౌండు ఎంత పెంచినా మాట స్పష్టంగా అందదు, అక్షరాలు కనిపిస్తే చదువుతారు. తెలుగు ఆడియోకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెడితే ఆవిడకు ఏం లాభం? వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. వినికిడి లోపం ఉన్నవారికి టీవీ కార్యక్రమాలు అందేలా కేంద్ర సమాచార ప్రసార శాఖ 2019లో ప్రమాణాలు ఇచ్చింది, సినిమా హాళ్లకు 2024 మార్చిలో మార్గదర్శకాలు ఇచ్చింది. దారి చూపిస్తూనే ఉన్నారు, నడిచేవాళ్లు కావాలి. అదే భాషలో అక్షరాలు తెర మీద కనిపిస్తే కొత్తగా చదవడం నేర్చుకునేవాళ్లకు కూడా ఎంత మేలో అహ్మదాబాద్ ఐఐఎంలో బ్రిజ్ కొఠారి ఏళ్ల తరబడి పనిచేసి చూపించారు. మా స్కూల్లో ఆరో తరగతికి వచ్చి కూడా కూడబలుక్కుని చదివే పిల్లలున్నారు. వాళ్లు రోజూ టీవీ చూస్తారు. ఇంతకంటే తేలికైన పాఠం ఉంటుందా?

5. తెలుగు చేసినవాళ్లు. ఈ సినిమా తెలుగులో పది పాత్రల్లో ఏడింటికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు గొంతు ఇచ్చారు. ముసలమ్మ కృష్ణవేణి మాట కూడా ఆయనదే. ఆయన మనల్ని విడిచి వెళ్లింది 2020 సెప్టెంబర్ 25న. పాటగాడిగా ఆయనను గుర్తుపెట్టుకున్నాం. ఒకే సినిమాలో ఏడు గొంతుకలు పలికించిన మనిషిగా కూడా గుర్తుపెట్టుకోవాలి. బలరాం నాయుడు పాత్రనే చూడండి. తమిళంలో అతడు తెలుగు యాసతో తమిళం మాట్లాడే, భారత గూఢచారి సంస్థ 'రా' అధికారి, నవ్వంతా ఆ యాసలోనే ఉంది. అలాంటివాణ్ణి తెలుగులోకి తెచ్చి మళ్లీ నవ్వించాలంటే మాటలు రాసేవాళ్లకు ఎంత నేర్పు కావాలి! టీవీలో చివరి టైటిల్స్ పడవు, ఓటీటీలో తమిళ టైటిల్సే ఉంటాయి. మాటలు రాసినవాళ్లు, పాటలు రాసినవాళ్లు, గొంతు ఇచ్చినవాళ్లు, వీళ్లందరి పేర్లూ ప్రేక్షకుడికి తెలియకుండా పోతున్నాయి. డబ్బింగ్ సినిమా అంటే మన ఇళ్లలో ఒక చిన్నచూపు ఉంది. దాన్ని పెంచుతున్నది మీరే.

'టైమ్ స్లాట్ ఉండదు, యాడ్స్ వేసుకోవాలి' అని మీరు అంటారని తెలుసు. గంటకు 12 నిమిషాలకు మించి యాడ్స్ వేయకూడదని కేబుల్ టీవీ నియమాల్లోనే ఉంది. ఆ లెక్కన మూడు గంటల పైచిలుకు సినిమా యాడ్స్‌తో కలిపి నాలుగు గంటల్లో అయిపోతుంది. పండగ రోజుల్లో అంతకంటే పెద్ద సినిమాలు మీరే వేస్తుంటారు. కుదరకపోతే రెండు రాత్రులు వేయండి, జనం చూస్తారు. నిడివి కోసం కత్తిరించే వీలు చట్టంలో మీకు ఉండొచ్చు, దాని మీద కోర్టుకు వెళ్లాలని నాకు లేదు. ఒక పాట తీసేస్తారా, ఛేజింగ్ కొంత తగ్గిస్తారా, మీ ఇష్టం. కథకు మొదలూ చివరా తీసేసే ఎడిటర్‌ను మాత్రం ఆపండి.

మేం కోరేవి ఇవి:

1. 'దశావతారం' ఎప్పుడు వేసినా మొదటి చోళుల ఘట్టం, చివరి విగ్రహం సన్నివేశం పూర్తిగా ఉండాలి. ఇంకెక్కడైనా నిడివి తగ్గిస్తే సినిమాకు ముందు ఆ సంగతి తెలుగులో తెర మీద వేయాలి.

2. తెలుగు ఆడియో ఉన్న ప్రతి సినిమాకూ తెలుగు సబ్‌టైటిల్స్ ఇవ్వాలి. ఒక్కసారే అన్నిటికీ కుదరదంటే ఇలా ఆలోచనలు దట్టంగా ఉన్న సినిమాలతో మొదలుపెట్టండి.

3. తెలుగు మాటల, పాటల రచయితల, డబ్బింగ్ కళాకారుల పేర్లు సినిమా మొదట్లోనే తెలుగులో చూపించాలి. ఓటీటీ పేజీలో కూడా ఉండాలి.

4. హక్కులున్న నిర్మాతలు తెలుగు ప్రింటునూ, తెలుగు సౌండ్‌ట్రాక్‌నూ పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌కు ఒక ప్రతి ఇవ్వాలి. తమిళ మాతృక ఎవరో ఒకరు దాస్తారు. బాలు గారి ఏడు గొంతుకలున్న ట్రాక్‌ను దాచాల్సింది మనం.

5. సైన్స్ కలిసిన కథను తెలుగు చేసేటప్పుడు మాటల ప్రతిని ఒక్కసారి ఆ సబ్జెక్టు చదువుకున్నవాళ్లతో చూపించుకోండి. ఇప్పుడు పురాణాన్నీ సైన్స్‌నూ కలిపిన కథలు తెలుగులోనే పెద్ద బడ్జెట్‌తో వస్తున్నాయి, వాటికీ ఇదే మనవి. పురాణం పురాణంగా గొప్పది. దానికి సైన్స్ సర్టిఫికెట్ అక్కర్లేదు, సైన్స్‌కు దాని అండా అక్కర్లేదు. రెంటినీ కలిపి కథ చెప్పండి, ఏది ఏదో తెలిసేలా చెప్పండి.

6. ఫిర్యాదుకు మనిషి జవాబు ఇవ్వాలి, తెలుగులో ఇవ్వాలి. 2021 నాటి నియమాల ప్రకారం చానళ్లూ, ఓటీటీలూ ఫిర్యాదు అందిందని 24 గంటల్లో చెప్పాలి, 15 రోజుల్లో తేల్చాలి. సీన్ల కోత, సబ్‌టైటిల్స్ ఆ నియమాల పరిధిలోకి రావని మీ లాయర్లు చెప్పొచ్చు. ప్రేక్షకుడి మీద మర్యాద ఉంటే అంతపాటి జవాబు చాలదా?

ప్రేక్షకులకూ ఒక మాట. ఈ సినిమా మీకు నచ్చి ఉంటే, మీ ఇంట్లో చూసిన ప్రింటులో ఏ సీను లేదో ఆ చానల్‌కు రాయండి. తోటి సైన్స్ టీచర్లు మర్నాడు క్లాసులో దాని గురించి పిల్లలతో మాట్లాడండి. సునామీ అల గురించి చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం మళ్లీ రాకపోవచ్చు.

చివరగా చానళ్లకు ఒక ప్రత్యేక విన్నపం. వచ్చే డిసెంబర్ 26న ఈ సినిమాను పూర్తి నిడివితో, తెలుగు సబ్‌టైటిల్స్‌తో వేయండి. అయిపోయాక ఒక పది నిమిషాలు ఇన్‌కాయిస్ శాస్త్రవేత్తను పిలిచి మాట్లాడించండి. సముద్రం ఒక్కసారిగా వెనక్కి పోతే ఏం చేయాలి, హెచ్చరిక ఫోనుకు ఎలా వస్తుంది, ఎంత దూరం, ఎంత ఎత్తుకు వెళ్లాలి, ఇవి చెప్పించండి. కాకినాడ నుంచి నెల్లూరు దాకా ఆ రోజు మీ చానలే చూస్తారు. ఏ చానల్ ముందుకొచ్చినా, మా పిల్లలు అడగాలనుకున్న ప్రశ్నలు రాయించి పంపే పూచీ నాది.

భవదీయుడు,
ఒక ఫిజికల్ సైన్స్ ఉపాధ్యాయుడు,
ప్రకాశం జిల్లా